తొమ్మిదంగుళాల ఏడు నూళ్లు

తస్నీమ్ చదువు ఆగిపోవడానికి పేదరికమో పెళ్లో కారణమై ఉంటే, చెప్పుకోవడానికి కాస్త గౌరవంగా ఉండేది. అసలు సంగతి వేరు. ఇంటర్ మొదటి సంవత్సరంలో జేజి, అంటే నాయనమ్మ, మంచాన పడితే నెల రోజులు నంద్యాల కాలేజీకి పోలేదు. జేజి లేచి తిరగడం మొదలుపెట్టాక మళ్లీ బస్సెక్కాలి. ఎక్కితే లెక్చరర్ "ఇన్నాళ్లు ఎందుకు రాలేదు" అని అడుగుతాడు. అడిగితే అరవై మంది ముందు లేచి నిలబడి జవాబు చెప్పాలి. ఈరోజు కాదు రేపు, రేపు కాదు సోమవారం అనుకుంటూ ఉండగానే పరీక్షలు వచ్చాయి, పోయాయి. జేజి మాత్రం శుభ్రంగా కోలుకుని, "పిల్ల నా కోసరం సదువు ఇడిసిపెట్టింది" అని వీధంతా చెప్పుకుని ఏడ్చింది. తస్నీమ్ కాదనలేదు. త్యాగమనే పేరు ఊరికే వస్తుంటే వద్దనడం ఎందుకు?

ఇది ఐదేళ్ల కిందటి మాట. ఇప్పుడు ఆమెకు ఇరవై రెండు. ఆళ్లగడ్డలో ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకుని నాయన లాల్ సాహెబు తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాడు. షెడ్డుకీ ఇంటికీ మధ్య ఉన్న గడప తస్నీమ్ చోటు. అక్కడ కూర్చుని కందిపప్పు ఏరుతూ నాయన చేతుల వంక చూసేది. ఉలి ఎంత వాలుగా పట్టుకుంటాడో, చిత్రిక పట్టేటప్పుడు ఏ పక్కకు ఒరుగుతాడో అన్నీ కళ్లకు తెలుసు. ఎవరైనా తలుపు బేరానికి వస్తే లేచి లోపలికి పోయేది. వాళ్లు పోయాక బయటికి వచ్చేది. ఇంట్లో పిల్లి కూడా అచ్చం అలాగే చేసేది కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు.

లాల్ సాహెబుకు రెండేళ్లుగా కుడి భుజం పట్టేసి నగిషీ పని చేతకావడం లేదు. తలుపు చట్టం తను చేసి, మధ్యలో కూర్చునే పలకలను చెక్కించడానికి నంద్యాలలో పెద్ద మిషన్లున్న చోటికి పంపేవాడు. పంపిన ప్రతిసారీ సణిగేవాడు. ఆ సణుగుడు వింటున్న రోజుల్లోనే తస్నీమ్ ఫోనులో ఆ వీడియో చూసింది. బల్ల మీద ఒక ఇనుప దూలం, దానికి వేలాడే మోటరు, మోటరుకు పెన్సిలు మొనంత బిట్టు. కంప్యూటరు ఎటు పొమ్మంటే అటు పోతూ కొయ్యలో తీగలు, పువ్వులు చెక్కేస్తోంది. సీఎన్‌సీ రౌటర్ అంటారట. పువ్వుల కన్నా ఆమెకు నచ్చింది వేరే. మిషన్ నడిపే మనిషి మొదటి నుంచి చివరి దాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇలాంటి ఉద్యోగం భూమ్మీద ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆరు నెలలు వీడియోలు చూసింది. ఆరు నెలలయ్యేసరికి ఆ మిషన్ గురించి తనకు తెలియనిది లేదని నమ్మకం కుదిరింది. నంద్యాలలో సురేష్ అనే అబ్బాయి ఇంట్లో సరదాకు కొనుక్కున్న చిన్న మిషన్ అమ్ముతున్నాడని తెలిసినప్పుడు, ఫోను నాయన ముందు పెట్టి, "నాయనా, ఇది" అంది. అంత పెద్ద ఉపన్యాసం ఆమె జన్మలో ఇవ్వలేదు. అందుకే కాబోలు ఆయన వెంటనే చొక్కా వేసుకున్నాడు.

సురేష్ వాళ్ల మేడ మీది గదిలో మిషన్ ఉంది. బల్ల మూడడుగులు కూడా లేదు. అడగాల్సిన పదకొండు ప్రశ్నలు తస్నీమ్ కాగితం మీద రాసుకుని పోయింది. సురేష్ గబగబా చూపించి, "ఏమన్నా డౌట్లుండాయా?" అన్నాడు. తస్నీమ్ లేవన్నట్టు తల ఊపింది. కాగితం పిడికిట్లో ఉండగా చెమటకు తడిసి ముద్దయింది.

అడిగింది నాయనే. "టేకు కోస్తాదా అప్పా?"

"కోస్తాదన్నా. గానీ రొంత రొంత లోతు కోయించాల. ఒకేసారి లోపలికి తోసినారంటే బిట్టు ఇరుగుతాది."

"మనిషైనా అంతే గదా," అన్నాడు లాల్ సాహెబు.

బేరం కుదిరింది. మెట్లు ఇరుకు, మిషన్ దిగదు. వడ్రంగికి ఇదేం కొత్త? పందిరి మంచాన్ని విప్పినట్టే విప్పాడు. ఏ ముక్క ఎక్కడిదో మరిచిపోకుండా అతుకు అతుకు దగ్గరా ఉలి మొనతో ఒక గాటు, రెండు గాట్లు, మూడు గాట్లు పెట్టాడు. "అన్నా, అది అల్యూమినియం..." అని సురేష్ గొణిగాడు. "ఏదైతే ఏం, గాటు పడుతాంది గదా," అన్నాడాయన. ట్రాలీ ఆటోలో ముక్కలన్నీ వేసుకుని శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరారు. దారి పొడుగునా తస్నీమ్ మిషన్‌తో పాటు సురేష్ ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌ను పురిటి బిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

గాట్ల ప్రకారం నాయన గంటలో బిగించేశాడు. మొదటి రోజు చూడటానికి ఇంట్లో అందరూ వచ్చారు. అమ్మ ఫాతిమున్నీసా దిష్టి తగలకుండా ఒక నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి మిషన్ దూలానికి కట్టింది. పక్కింటి శేషయ్య కూడా ఒళ్లంతా రాతిపొడితో వచ్చి నిలబడ్డాడు. రాతి విగ్రహాలకు పేరుపడిన ఆ ఊళ్లో ఆయన విగ్రహాలు చెక్కే శిల్పి. సుత్తీ ఉలీ తప్ప దేన్నీ నమ్మడు.

తస్నీమ్ మీట నొక్కింది. మోటరు రివ్వుమంది. దూలం కదిలింది. బిట్టు ఎంతో ఒయ్యారంగా తిరుగుతూ, వంపులు పోతూ, సున్నాలు చుడుతూ ఇరవై నిమిషాలు పనిచేసింది. కొయ్యకు అంగుళం పైన.

"ఏం చెక్కుతాంది పాపా?" అన్నాడు శేషయ్య.

తస్నీమ్ ల్యాప్‌టాప్ తెర వంక చూసింది.

"గాలిని," అన్నాడు నాయన.

కొయ్య పైభాగం ఎక్కడుందో మిషన్‌కు ముందుగా చూపించాలి. ఆ సంగతి ఆమె చూసిన వీడియోల్లో కనీసం నలభైలో ఉంది. మరునాడు చూపించింది, కాస్త ఎక్కువగానే చూపించింది. బిట్టు కొయ్యను దాటి కింద బల్లలోకి దిగి కీచుమని అరిచింది. ఆ అదురుకు నిమ్మకాయ ఊగి బిట్టుకు తగిలి, రసం అందరి ముఖాల మీదా చిందింది. దిష్టి ఎవరికి పోయిందో గానీ, శేషయ్య కళ్లు మాత్రం సాయంత్రం దాకా మండాయి.

మూడో రోజు నాలుగంగుళాల కమలం చెక్కబోయింది. ఆమె అంగుళాలనుకుంది, ల్యాప్‌టాప్ మిల్లీమీటర్లనుకుంది. పలక నడిమధ్యన కందిగింజంత కమలం వచ్చింది.

శేషయ్య దాన్ని వేలుగోటితో తడిమాడు. "రేకులన్నీ బాగుండాయి లాల్ సాబూ. భూతద్దం గూడా నువ్వే ఇస్తావా, కొనుక్కునే వాళ్లు తెచ్చుకోవాల్నా?"

ఆ రోజు తస్నీమ్ ఒట్టు పెట్టుకుంది. ఇక కొలత దగ్గర తప్పు చేయనని. అంగుళాలా, మిల్లీమీటర్లా అన్నది మూడుసార్లు చూసుకోనిదే మీట నొక్కేది కాదు. రెండు నెలల్లో చేయి కుదిరింది. ఇంటి పేర్ల బోర్డులు, మంచం తలవైపు చెక్క మీదికి తీగలు, ఒక మసీదుకు చెప్పుల బల్ల మీద చంద్రవంక. అన్నీ సొంతంగా గీసుకున్నవే, సొంత కొలతలే. తన తప్పు తనకు తప్ప తెలిసే దారి లేదు కాబట్టి, తప్పులే లేవని ఆమెకు అనిపించసాగింది.

జూన్‌లో శిరివెళ్ల నుంచి రామసుబ్బమ్మ వచ్చింది. శనగ, వరి పండించే మనిషి, గొంతు పొలం గట్టు నుంచి ఊరిదాకా వినబడుతుంది. శ్రావణంలో కొత్త ఇంట్లో చేరాలి, సింహద్వారం కావాలి. టేకు ఆమే తెచ్చింది. అక్కడంతా అంతే, మంచి తలుపు కావాలనుకున్నవాళ్లు కట్టె తామే ఎంచి కొనుక్కుని తెచ్చి వడ్రంగికి అప్పగిస్తారు. పని వడ్రంగిది, కట్టె ఇంటివాళ్లది. చెడగొడితే ఆ మాట చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి వస్తుంది. ఆమె ప్రతి దుంగనూ వాసన చూసి మరీ ఇచ్చింది.

"కొలిచి తెచ్చినా లాల్ సాబూ. తలుపు పోంగ మిగిలేది గుప్పెడు పొట్టే. ఇంకో ముక్క కావాలంటే నా కాళ్లు ఇరగ్గొట్టి మంచానికేసుకో, కట్టె మాత్రం రాదు."

తస్నీమ్ ఇదంతా లోపలి నుంచి వింది. రామసుబ్బమ్మ పోయాక నాయన గడప దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఆరు పలకలు. నీ మిషన్ మింద చేద్దాం," అన్నాడు. "కుదిరిందంటే ఇంక నంద్యాలకు పంపేది లేదు, ఈ పని నీదే. కుదరలేదంటే ఇప్పదీసి సురేష్‌కే ఇచ్చేసొస్తా. పరాయి కట్టె పాపా. దీనిమింద నేర్చుకునేకి కాదు."

తస్నీమ్ చేతిలోని పప్పు చేట వంక చూసింది. మిషన్ పోతే ఇక మిగిలేది అదే. సరేనంది.

నాయన చట్టం కోసి, పలకల కొలత ఒక చెక్కపేడు మీద పెన్సిలుతో రాసి ఇచ్చాడు. ఎత్తు 14. వెడల్పు 9-7. ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. అంగుళాలా, మిల్లీమీటర్లా అని మూడుసార్లు చూసుకుంది. అంగుళాలే. పద్నాలుగు కొట్టింది. తొమ్మిది పాయింట్ ఏడు కొట్టింది. నొక్కబోయే ముందు మనసులో ఏదో కలుక్కుమంది. నాయన అవతల అన్నం తింటున్నాడు. పోయి అడగవచ్చు. అడిగితే, ఇంత చిన్నది కూడా తెలియదా అనుకుంటాడేమో. తింటున్న మనిషిని లేపడం ఎందుకని తన పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టి, మీట నొక్కింది.

మూడు రోజుల్లో ఆరు పలకలు తయారయ్యాయి. ఒక్కో పలకలో ఒక కలశం, దాని చుట్టూ మామిడాకులు. శేషయ్య వచ్చి చూసి, ఎగతాళి చేయడానికి ఏమీ దొరక్క ముక్కు గోక్కుని పోయాడు. తస్నీమ్ ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

నాలుగో రోజు నాయన జిగురు పెట్టకుండా చట్టాన్ని ఒకసారి కూర్చి చూశాడు. చట్టం లోపలి అంచుల్లో ఒక నూలు లోతు గాడి ఉంటుంది, పలక అంచులు అందులో దూరి నిలబడాలి. అన్నీ బిగించి, వేలి కణుపుతో ఒక పలకను తట్టాడు. లొడలొడమంది. ఆయన ముఖం మారింది. అరచేత్తో పలకను ఎడమ పక్కకు నెట్టాడు. కుడి పక్క అంచు గాడిలోంచి బయటికి వచ్చి, చట్టానికీ పలకకీ నడుమ దారమంత సందు పడింది. అందులోంచి వీధిలో వెలుతురు కనిపించింది. రెండో పలక నెట్టాడు. మూడోది. ఆరింటికీ అదే సందు.

"ఎంత కోసినావు?"

"తొమ్మిదీ ఏడు," అంది తస్నీమ్.

నాయన టేపు పెట్టాడు. పెట్టి, దాన్ని ఆమె వైపు తిప్పాడు. అప్పుడు తెలిసింది.

వడ్రంగి లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్లు. 9-7 అంటే తొమ్మిదంగుళాల మీద ఏడు నూళ్లు, పదికి ఒక్క నూలే తక్కువ. ల్యాప్‌టాప్‌కు నూళ్లు తెలియవు. దానికి తొమ్మిది పాయింట్ ఏడంటే అంగుళాన్ని పది భాగాలు చేసి అందులో ఏడు. తేడా నూలున్నర దాకా వచ్చింది.

నూలంటే ఏమిటో తస్నీమ్‌కు తెలియక కాదు. నడక రాకముందే ఆ మాట వింది. కంప్యూటరు ముందు కూర్చునేసరికి తను వడ్రంగి కూతురన్న సంగతి మరిచిపోయింది, అంతే. వాళ్ల నాయన ఈ తప్పు చేయలేడు, ఆయనకు ల్యాప్‌టాప్ తెరవడం రాదు. సురేష్ చేయలేడు, అతనికి నూళ్ల లెక్క తెలియదు. ఈ తప్పు చేయాలంటే రెండు విద్యలు రావాలి, రెండూ సగం సగమే రావాలి. అలాంటి పండితురాలు ఆళ్లగడ్డ మొత్తానికి తనొక్కతే.

"ఎనిమిది నూళ్లు ఒక అంగుళమని మన పిల్లికి గూడా తెలుసు గదే," అన్నాడు నాయన. ఆయన అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు ఏడవడానికి వీలుగా ఉండేది.

ఆయన కింద కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. ఎల్లుండి రామసుబ్బమ్మ చూడటానికి వస్తానంది. కట్టె లేదు. మిగిలినవి పలకలు కోయగా పక్కన పడిన సన్నటి టేకు బద్దలే.

తస్నీమ్ ఆ బద్దల్లో ఒకటి తీసి పలక అంచుకు ఆనించింది. నాయన చూశాడు.

"అతుకేస్తామంటావా?"

ఆమె తల ఊపింది.

"ఒక పక్క నూలున్నర పట్టీ ఏస్తే సరిపోతాది," అన్నాడాయన, లేస్తూ.

"రెండు పక్కలా," అంది తస్నీమ్. "ఒక పక్కే ఏస్తే కలశం నడిమధ్యన ఉండదు నాయనా. పక్కకు జరిగినట్టు కనపడతాది."

ఆయన రంపం అందుకున్నాడు. ఆ మధ్యాహ్నమూ మరుసటి రోజూ పన్నెండు పట్టీలు కోశారు. ఒక్కొక్కటి నూలు కూడా లేదు, అప్పడం లాంటివి. జిగురు పూసి, క్లాంపులు బిగించి, ఆరాక నాయన ఎడమ చేత్తో చిత్రిక పట్టాడు. కుడి భుజం సహకరించని చోట తస్నీమ్ పట్టింది. మళ్లీ కూర్చితే పలకలు కదల్లేదు. పట్టీలు మొత్తం గాడిలోకి పోయాయి. బయటికి గీత కూడా కనపడదు.

"మంత్రమేసినట్టుండాది," అన్నాడు శేషయ్య. "ఇంక నోరు మూసుకోని ఇచ్చేయండి. బ్రహ్మదేవుడొచ్చినా కనుక్కోలేడు."

లాల్ సాహెబు పలక మీద చేయి పెట్టాడు. "కట్టె ఆయమ్మది, శేషన్నా. లోపల అతుకుండాదని తెలిసి తీసుకోవాల, లేదంటే వద్దనాల." తరువాత తస్నీమ్ వైపు తిరిగాడు. "నేను చెప్పను. కోసింది నువ్వు. నువ్వే చెప్పు."

ఇంతకన్నా మిషన్ విప్పేసినా బాగుండేదని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది.

మరునాడు పది గంటలకు రామసుబ్బమ్మ ఆటో దిగింది. అలవాటు చొప్పున తస్నీమ్ కాళ్లు లోపలికి తిరిగాయి. నాయన గడపకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. పిల్లి మాత్రం ఆయన కాళ్ల సందున దూరి లోపలికి పోయింది.

రామసుబ్బమ్మ తలుపు చుట్టూ తిరిగింది. కలశం మీద వేళ్లు ఆడించింది. "బలే వచ్చిందప్పా," అంది. అప్పుడు తస్నీమ్ నోరు తెరిచింది. పెదాలు కదిలాయి.

"ఏందీ? గొంతు పోయిందా పిల్లకు?"

"పెద్దమ్మా," అంది తస్నీమ్. ఆ తరువాతి మాటలు ఎలా వచ్చాయో ఆమెకు తెలియదు, అన్నీ ఒకేసారి తోసుకుని వచ్చాయి. "పలకలు సన్నంగా కోసినా పెద్దమ్మా. నూళ్లు మరిచిపోయినా. తప్పు నాది, నాయనది కాదు. రెండు పక్కలా నీ కట్టెతోనే పట్టీలు అతికించినాం. గాడిలో ఉండాయి, కనపడవు. వద్దంటే... వద్దంటే చెప్పు."

రామసుబ్బమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఒకటి ఊడదీసి చూపియ్."

లాల్ సాహెబు చట్టం వదులు చేసి ఒక పలక బయటికి తీశాడు. రామసుబ్బమ్మ దాన్ని ఎండలోకి పట్టుకుపోయింది. అంచు మీద గోరు పెట్టి గీకింది. రెండు చేతులా పట్టుకుని విరిచేలా వంచింది. చెవి దగ్గర పెట్టుకుని తట్టింది.

"ఎండలకు కట్టె గుంజుకుంటాది," అంది రామసుబ్బమ్మ చివరికి. "అప్పుడు నీ పట్టీ ఊడిందనుకో?"

"ఊడితే నేనొచ్చి చేస్తా."

"నువ్వొస్తావా? ఈడ నిలబడి మాట్లాడేకే సచ్చిపోతాండావు, శిరివెళ్లకొస్తావా?"

"వస్తా."

"సరే విను. వచ్చే ఎండాకాలం దాంక చూస్తా. ఒక్క పలక లొడలొడమన్నా తలుపు ఊడబెరికి ట్రాక్టర్లో ఏసుకోని వచ్చి మీ ఇంటి ముందర పారేస్తా. అందరూ చూస్తారు." పలకను తస్నీమ్ చేతికిచ్చి, నడుముకున్న సంచిలోంచి ఫోను తీసింది. లాల్ సాహెబు నంబరు చెప్పబోయాడు. "నీది నాకాడ ఉండాది లే లాల్ సాబూ. కోసింది ఆ పిల్ల గదా. ఆ పిల్లదే చెప్పమను."

తస్నీమ్ చెప్పింది. రామసుబ్బమ్మ ఒక్కొక్క అంకె నొక్కి, ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"తొమ్మిదే ఉండాయి. ఇది గూడా తక్కువ కోసినావా?"

శేషయ్య ప్రహరీ మీది నుంచి పగలబడి నవ్వాడు. పదో అంకె తస్నీమ్ అరిచినంత గట్టిగా చెప్పింది.

ఆటో మలుపు తిరిగాక నాయన మిషన్ చుట్టూ ఒకసారి నడిచాడు. "వానలొస్తే షెడ్డులోకి నీళ్లొస్తాయి. దీన్ని పైకెత్తి పెట్టాల. ఇటుకలు చూడు," అన్నాడు. ఆ మాటతో సురేష్ ఊసు ఆ ఇంట్లో ముగిసింది.

"ఆళ్లగడ్డలో ఉండి ఇటుకలేందప్పా," అన్నాడు శేషయ్య. ఆయన పెరట్లోంచి పనికిరాని నాలుగు రాతి దిమ్మెలు దొర్లించుకొచ్చాడు. "పీఠాలకని కోసినవి. చెడిపోయినాయి. నిమ్మకాయ కట్టిన ఆయమ్మ రేపు మిషన్‌కు దండ గూడా ఏస్తాదేమో సూడండి."

తలా ఒక మూల పట్టి ఎత్తారు. నాలుగో మూల ఫాతిమున్నీసా పట్టుకుంది. దిమ్మెల మీద దించాక నాయన రసమట్టం పెట్టి చూశాడు. బుడగ ఒక పక్కకు పోయి కూర్చుంది. ఒక దిమ్మె కాస్త పొట్టి. తస్నీమ్ వంగి ఎన్ని నూళ్లు తక్కువో వేలితో చూసుకుంది. ఆ మూల కిందికి ఒక చెక్క కోసుకొచ్చింది, చేతి రంపంతో.